నష్టం అంటే నష్టం కాదు

ఛందశ్శాస్త్రంలో నష్టం అనే మాటకు లోకంలో ఉన్న అర్థం లేదు. వరుససంఖ్యను మాత్రం చెప్పి, ఆ సంఖ్య గల వృత్తం ఏదో గురులఘువులతో సహా రాబట్టమంటే, ఆ రాబట్టే ప్రక్రియకు నష్టమని పేరు. వృత్తాన్ని చూపి ఇది ఎన్నవదో చెప్పమంటే ఆ లెక్కకు ఉద్దిష్టమని పేరు. ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం మొదలైన ఆరింటినీ కలిపి షట్ప్రత్యయాలంటారు. పింగళుని సూత్రాల చివర, కేదారభట్టు వృత్తరత్నాకరం ఆరవ అధ్యాయంలో వీటిని చూడవచ్చు. భాషాప్రవీణ తరగతుల్లో ఈ అధ్యాయం వచ్చేసరికి సగం మంది పుస్తకం మూసేవారు. పద్యం చదువుకోవడానికి వచ్చినవాళ్ళకు ఈ లెక్కల గోల ఎందుకని వారి వాదం.

ఇన్నేళ్ళ తర్వాత ఆ అధ్యాయాన్ని మళ్ళీ తెరవవలసిన అవసరం ఒక జవాబుపత్రం వల్ల కలిగింది. గురజాల వైపు గ్రామం నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక ఇంజినీరింగు విద్యార్థి నాకు తెలుసు. పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమమే. ఏ కళాశాల అన్నది ఇక్కడ అప్రస్తుతం, పేరు చెప్పను. ప్రయోగశాల పరీక్షలో వచ్చిన ప్రశ్న ఇది: ఒక పెద్ద సంఖ్యను ఇస్తే, దాన్ని అంతర్జాల చిరునామాగా, అంటే నాలుగు భాగాలుగా మధ్యలో చుక్కలు పెట్టి రాసే రూపంలోకి మార్చే ప్రోగ్రామును పైథాన్ భాషలో రాయుము. పిల్లవాడు సంఖ్యను 256తో నాలుగుసార్లు భాగించి, శేషాలను వరుసగా పేర్చి, మధ్యలో చుక్కలు పెట్టి చూపించాడు. జవాబు సరిగానే వచ్చింది. అయినా ఎర్రసిరాతో అడ్డంగా గీత. ఈ పనికి సిద్ధంగా ఒక ఫంక్షన్ ఉంది, దాని పేరు రాస్తే చాలు, ఇంత చేట భారతం అనవసరమని పక్కన వ్యాఖ్య. మార్కులు సున్న.

ఆ అధ్యాపకుడితో నాకు పరిచయం లేదు, పగ అంతకన్నా లేదు. ఆయన ఎర్రసిరా వెనుక ఉన్న సిద్ధాంతంతోనే నా తగవు. పేరు తెలిస్తే చాలు, పని తెలియనక్కరలేదని ఆ సిద్ధాంతం. ఇది ఆయన ఒక్కరిదే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మా ప్రాంతంలో బస్సు ఎక్కి దిగే పిల్లల్లో పదిమందిని ఆపి అడగండి, ఎనిమిదిమంది ఇదే సిద్ధాంతంలో పెరుగుతున్నారు.

ముందుగా ఆ సంఖ్య కథ ఏమిటో విషయం తెలియని పాఠకుల కోసం చెప్పాలి. అంతర్జాలానికి తగిలించిన ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. 1981 సెప్టెంబరులో ప్రకటించిన నియమావళి ప్రకారం ఆ చిరునామా 32 బిట్ల పొడవు గల ఒకే ఒక సంఖ్య. బిట్టు అంటే సున్నయో ఒకటో, రెంటిలో ఒకటి. కంప్యూటరుకు అది ఒక్క సంఖ్యే. మనుషులు చదవలేరు కనుక దాన్ని ఎనిమిదేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను 0 నుంచి 255 లోపు సంఖ్యగా రాసి, మధ్యలో చుక్కలు పెడతారు. ఇళ్ళలో జాలపు తీగ వచ్చి చేరే పెట్టెకు సాధారణంగా ఉండే 192.168.1.1 అనే చిరునామా అసలు రూపం 3232235777.

ఈ సంఖ్య నుంచి ఆ చుక్కల రూపాన్ని రాబట్టడానికి ఏం తెలియాలి? అయిదో తరగతి భాగహారం తెలియాలి. 3232235777ను 256తో భాగిస్తే భాగఫలం 12625921, శేషం 1. ఆ భాగఫలాన్ని మళ్ళీ 256తో భాగిస్తే 49320, శేషం 1. మళ్ళీ భాగిస్తే 192, శేషం 168. నాలుగోసారి భాగఫలం 0, శేషం 192. వచ్చిన శేషాలను చివరినుంచి మొదటికి చదవండి: 192, 168, 1, 1. పిల్లవాడు రాసింది ఇంతే. ఇందులో భారతం ఎక్కడ ఉంది? పలక మీద పట్టే లెక్క ఇది.

ఇప్పుడు నష్టం చూడండి. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. పాదానికి ఎనిమిదక్షరాలు గల అనుష్టుప్పులో 86వ వృత్తం ఏది? 86 సరి, లఘువు, సగం 43. బేసి, గురువు, ఒకటి కలిపి సగం 22. సరి, లఘువు, 11. బేసి, గురువు, 6. సరి, లఘువు, 3. బేసి, గురువు, 2. సరి, లఘువు, 1. బేసి, గురువు. ఎనిమిదక్షరాలూ వచ్చాయి: లగ లగ లగ లగ. జగణం, రగణం, లఘువు, గురువు. ఇది ప్రమాణి. రెండుతో ఎనిమిదిసార్లు భాగించడమంటే 256తో ఒకసారి భాగించడమే. కనుక పిల్లవాడు చేసిన ఒక్కొక్క భాగహారమూ మన ఛందస్సులో ఒక్కొక్క పాదం. నాలుగు భాగహారాలు, నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది చొప్పున 32 అక్షరాలు. అంతర్జాల చిరునామా కొలతకు సరిగ్గా అనుష్టుప్ శ్లోకమంత.

పోలిక అక్కడితో ఆగదు. పాదానికి ఎనిమిదక్షరాలైతే సమవృత్తాలు 256. ఒకటీ మూడూ పాదాలు ఒక తీరు, రెండూ నాలుగూ మరొక తీరు అయిన అర్ధసమ వృత్తాలు 65280. మిగిలిన విషమ వృత్తాలు 4294901760. మూడూ కలిపితే 4294967296. అంతర్జాలంలో 32 బిట్ల చిరునామాలు ఎన్ని సాధ్యమో సరిగ్గా అన్ని. గూగుల్ వారి 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వారు 2018లో తెరిచిన 1.1.1.1 మన లెక్కలో సమవృత్తాలన్నమాట! సరదాకు చెబుతున్నానే గాని, ఈ సరదా ఒక్కటి చాలు, తరగతిలో అరగంట పాటు పిల్లలు కదలకుండా కూర్చుంటారు. కావాలంటే పరీక్షించుకోండి. శార్దూలవిక్రీడితం పందొమ్మిదక్షరాల అతిధృతి ఛందస్సులో 149337వ వృత్తమనీ, ఉత్పలమాల ఇరవై అక్షరాల కృతిలో 355799వదనీ పుస్తకాల్లో అచ్చు వేస్తారు. ఆ సంఖ్యలు ఎవరో కలగని చెప్పినవి కావు, ఉద్దిష్టం చేసి రాబట్టినవి. చేతితో చేసి సరిచూసుకోవచ్చు, నేను చూశాను.

ఈపాటికి ఒక వర్గం పాఠకులు చొక్కా కాలరు సర్దుకుంటూ ఉంటారు. కంప్యూటరు శాస్త్రమంతా మన పింగళుడే చెప్పాడనీ, సంస్కృతమే కంప్యూటరుకు సర్వోత్తమ భాష అని నాసా వారు ఒప్పుకున్నారనీ వాట్సాప్‌లో తిరిగే పత్రాన్ని నాకు పంపడానికి వేలు ఎత్తి ఉంటారు. దయచేసి పంపకండి, ఇప్పటికే ఎన్నోసార్లు వచ్చింది. దానికి మూలం 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఏఐ మ్యాగజైన్‌లో రాసిన వ్యాసం. వాక్యార్థాన్ని విడమరచి చెప్పడానికి మన వైయాకరణులు, నైయాయికులు వాడిన పద్ధతికీ, కృత్రిమ మేధలో జ్ఞానాన్ని నిక్షేపించే పద్ధతికీ పోలిక ఉందని ఆయన రాశాడు. సంస్కృతంలో ప్రోగ్రాములు రాయాలని ఆ వ్యాసంలో లేదు. పింగళుడు అంతర్జాలాన్ని కలగనలేదు. ఆయన గురులఘువులను లెక్కపెట్టాడు, చక్కగా లెక్కపెట్టాడు. ఆ గౌరవం ఆయనకు చాలు. దాన్ని రాకెట్టుకు కట్టి ఎగరవేయనక్కరలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నష్టోద్దిష్టాల గొప్ప చెప్పుకునే ఈ పెద్దల్లో 86వ వృత్తాన్ని రాబట్టగలవారు ఎందరు? అప్పకవి నివసించిన కామేపల్లి మా పలనాటిదే. ఆయన పేరు చెప్పి ఛాతీ విరుచుకునేవారు ఊరూరా ఉన్నారు. ఆయన విధించిన యతి భేదాలు ఎన్నో అడిగితే ఆకాశం చూస్తారు. ఫంక్షన్ పేరు రాసి మార్కులు వేయించుకునే విద్యార్థీ, పింగళుని పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసకుడూ ఒక తాను ముక్కలే. ఇద్దరికీ పేరు తెలుసు, పని తెలియదు.

అధ్యాపకుడి పక్షాన చెప్పదగినది లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎవడూ చేతితో భాగహారం రాయడు. పైథాన్‌లో 2012 నాటి 3.3 రూపంతో ఐపీఅడ్రస్ అనే గ్రంథాలయం భాషలోనే భాగమైంది. పీహెచ్‌పీలో లాంగ్‌టుఐపీ ఉంది, మైఎస్‌క్యూఎల్‌లో ఐనెట్‌ఎన్‌టోఏ ఉంది. పదిమంది పరీక్షించిన సాధనం ఉండగా సొంతంగా చేసుకోబోతే తప్పులు దొర్లుతాయి. సంస్థ సొమ్ముతో పనిచేసేటప్పుడు గ్రంథాలయాన్నే వాడాలి, అందులో సందేహం లేదు. కానీ ఇది పరీక్ష. ప్రశ్న "మార్చే ప్రోగ్రామును రాయుము" అంది. మత్తేభానికి లక్షణం రాయమంటే "మత్తేభం" అని రాసి కూర్చున్నవాడికి నేను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క మార్కు వేయలేదు.

ఆ పదిమంది పరీక్షించిన సాధనం మాట కూడా చూద్దాం. చిరునామాలోని ఒక భాగానికి ముందు సున్న చేరిస్తే ఏమవుతుంది? 010.8.8.8 అని రాశామనుకోండి. పాత సంప్రదాయం పాటించే ఉపకరణాలు, ముందు సున్న ఉన్నది కనుక అది ఎనిమిది ఆధారంగా గల సంఖ్య అని గ్రహించి, మొదటి భాగాన్ని 8 అని చదువుతాయి. పైథాన్ గ్రంథాలయమేమో సున్నను పట్టించుకోకుండా 10 అని చదివేది. 10తో మొదలయ్యేవి సంస్థల లోపలి యంత్రాలకు వాడుకునే చిరునామాలు, 8.8.8.8 బయటి లోకానిది. కాపలావాడు ఇంటివాడేనని వదిలిన మనిషి వీధిలోకి పోతాడన్నమాట, లేదా వీధివాడు ఇంట్లోకి వస్తాడు. ఈ లోపం 2021లో బయటపడింది. 3.9.5 రూపంలో ముందు సున్న గల చిరునామాలను అసలు అంగీకరించకుండా చేసి సరిదిద్దారు. దాన్ని కనిపెట్టినవారు పేర్లు బట్టీపట్టినవారు కారని మాత్రం చెప్పగలను.

రెండో ఉదాహరణ రుణసంఖ్యలది. 32 బిట్ల యంత్రాల మీద పీహెచ్‌పీ చిరునామాను సంఖ్యగా మారిస్తే సగం చిరునామాలు రుణసంఖ్యలుగా వచ్చేవి. మన 3232235777 అక్కడ −1062731519గా దర్శనమిస్తుంది. అలా దాచిన పాత పట్టికలు ఎక్కడైనా తారసపడవచ్చు. ఆ సంఖ్యను పైథాన్ గ్రంథాలయానికి ఇస్తే అది తప్పు అని చెప్పి చేతులెత్తేస్తుంది. పేరు మాత్రమే తెలిసినవాడు కూడా అక్కడే చేతులెత్తేస్తాడు. లెక్క తెలిసినవాడు దానికి 4294967296 కలిపితే అసలు సంఖ్య వస్తుందని గ్రహిస్తాడు. విచిత్రమేమిటంటే, మన పిల్లవాడు రాసిన ప్రోగ్రాముకు ఆ రుణసంఖ్యను యథాతథంగా ఇచ్చినా 192.168.1.1 అనే వస్తుంది. ధనసంఖ్యతో భాగించినప్పుడు పైథాన్ శేషాన్ని ఎన్నడూ రుణసంఖ్యగా ఇవ్వదు కనుక ఇలా జరుగుతుంది. పీహెచ్‌పీలో అదే లెక్క మొదటి శేషాన్ని −255 అని ఇస్తుంది. ఒకే భాగహారం రెండు భాషల్లో రెండు తీర్లుగా ఉండటం చదువుకోదగిన విషయమా, ఎర్రసిరాతో కొట్టివేయదగిన విషయమా?

ఆ జవాబులో నన్ను మెప్పించిన అంశం మరొకటి ఉంది. సంఖ్య సున్న అయ్యేవరకు భాగించమని అతడు రాయలేదు, నాలుగుసార్లు భాగించమని రాశాడు. తొందరపాటువాడు సున్న అయ్యేవరకు అని రాస్తాడు. అలా రాస్తే 1 అనే సంఖ్యకు 0.0.0.1 రావలసిన చోట ఒంటరిగా 1 వచ్చి నిలబడుతుంది. మూడు పాదాలు ఎగిరిపోయిన శ్లోకం! నష్టంలోనూ ఇదే సూక్ష్మం. ఒకటి బేసి, గురువు రాసి ఒకటి కలిపి సగం చేస్తే మళ్ళీ ఒకటే వస్తుంది. ఎంతసేపు చేసినా ఒకటే. ఎక్కడ ఆగాలో సంఖ్య చెప్పదు, ఛందస్సు చెబుతుంది, పాదానికి ఇన్ని అక్షరాలని. ఈ ఒక్క "నాలుగుసార్లు" అన్నమాటకే నేనైతే పూర్తి మార్కులు వేసి ఉండేవాణ్ణి.

ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ప్రోగ్రాముల సంగతి చెప్పనక్కరలేదు. 2008 చివర వచ్చిన పైథాన్ 3లో మామూలు భాగహార చిహ్నం భిన్నాన్ని ఇస్తుంది. పైథాన్ 2లో రెండు పూర్ణసంఖ్యల మధ్య అదే చిహ్నం పూర్ణసంఖ్యను ఇచ్చేది. పాత ప్రోగ్రామును కొత్త రూపంలో నడిపితే 12625921 బదులు 12625921.00390625 వస్తుంది. ఆ దశాంశాల తోక 1ని 256తో భాగించగా వచ్చినదని, అంటే మన శేషమే వేషం మార్చుకుని నిలుచున్నదని, భాగహారం తెలిసినవాడికి తప్ప ఎవడికి తోస్తుంది?

ఇక శేషాలను చివరినుంచి చదవడం. ఇది పిల్లలను అన్నిటికన్నా ఎక్కువ తికమకపెడుతుంది, పెద్దలనూ పెడుతుంది. వచ్చిన క్రమంలో చదివితే 1.1.168.192 అవుతుంది. అదీ చిరునామాలాగే ఉంటుంది, ఏ యంత్రమూ తప్పని అరవదు, కానీ అది మరెవరిదో. యంత్రాల్లోనే రెండు తెగలు ఉన్నాయి. ఇంటెల్ వారి ప్రాసెసర్లు చిన్న విలువ గల భాగాన్ని ముందు దాచుకుంటాయి. అంతర్జాలపు తీగ మీద పెద్ద విలువ గల భాగం ముందు నడుస్తుంది. ఈ తగాదా మీద డానీ కోహెన్ 1980 ఏప్రిల్ 1న ఒక వ్యాసం రాస్తూ, గుడ్డును ఏ కొసన పగలగొట్టాలన్న పట్టింపుతో గలివర్ కథలో యుద్ధాలు చేసుకున్నవారి పేర్లే ఈ రెండు తెగలకూ పెట్టాడు.

మనవారికి ఈ రెండు క్రమాలూ కొత్త కావు. భూతసంఖ్యల్లో అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి, ఒకట్ల స్థానం ముందు చెప్పాలి. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యం ఒకటి ఉంది. చదరంగపు 64 గళ్ళలో మొదటి గడిలో ఒకటి పెట్టి, గడి గడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంతవుతుందో అందులో చెప్పాడు. శరం అంటే అయిదుతో మొదలై చంద్రుడు అంటే ఒకటితో ముగుస్తుంది. తిరగవేసి రాసుకుంటే 18446744073709551615. నేటి 64 బిట్ల యంత్రం ఒక గడిలో పట్టించుకోగల అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే. మల్లన యంత్రాన్ని ఊహించాడని కాదు, మళ్ళీ ఆ గోల మొదలుపెట్టకండి. ఒకట్ల స్థానాన్ని ముందు పెట్టే క్రమానికి అది చక్కని తెలుగు ఉదాహరణ. కంప్యూటరు తరగతిలో ఆ పద్యాన్ని ఒక్కసారి చదివించి తిరగవేయించిన పిల్లవాడు బైట్ల క్రమాన్ని జన్మలో మరిచిపోడు. కంప్యూటరు మాస్టారికి పద్యం రాదు, తెలుగు మాస్టారికి కంప్యూటరు రాదు. మధ్యన పిల్లవాడికి రెండూ రావు.

ఇదంతా పండితుల కాలక్షేపమని కొట్టిపారేసేవారికి ఒక సంఘటన గుర్తుచేస్తాను. 2007లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, శివాజీని కించపరిచే చిత్రాన్ని అంతర్జాలంలో పెట్టాడన్న అభియోగం మీద పుణె పోలీసులు పట్టుకుపోయారు. ఆధారం ఒక్క అంతర్జాల చిరునామా. యాభై రోజులు జైల్లో ఉన్నాక ఆ చిరునామా వివరం తప్పని, ఆ పనితో ఆయనకు ఏ సంబంధమూ లేదని తేలింది. అక్కడ జరిగింది సంఖ్యను చుక్కల్లోకి మార్చడంలో పొరపాటు కాదు, సేవాసంస్థ ఇచ్చిన సమాచారంలోనే తప్పు. కానీ నాలుగు అంకెల ముక్కల మీద ఒక మనిషి స్వేచ్ఛ ఎలా వేలాడుతుందో దానివల్ల లోకానికి తెలిసింది. రేపు ఏ ఠాణాలోనో, ఏ బ్యాంకులోనో ఆ పట్టికలు చూసేది నేడు సున్న మార్కులు తెచ్చుకుంటున్న ఈ పిల్లలే. తిరగబడిన చిరునామాను చూసి "ఆగండి, ఇది తలకిందులుగా ఉంది" అనగలిగినవాడు ఆ గదిలో ఒక్కడైనా ఉండవద్దా?

మామూలు గృహస్థుకు కూడా దీనితో పని ఉంది. ఫోనుకు వచ్చే సందేశాల్లో కొన్నిసార్లు లంకె స్థానంలో ఏ పేరూ లేకుండా పొడవాటి సంఖ్య ఉంటుంది. బ్రౌజర్లు ఆ సంఖ్యను కూడా చిరునామాగానే స్వీకరిస్తాయి. 2130706433 అని కొడితే అది 127.0.0.1 అవుతుంది, అంటే మీ యంత్రానికి అది తనను తాను పిలుచుకునే చిరునామా. ఇది నిరపాయకరం. మోసగాడు తన యంత్రపు సంఖ్యను అక్కడ పెడితే పేరు కనబడదు, చుక్కలు కనబడవు, చూసేవాడికి అదేదో ఖాతా సంఖ్యలా ఉంటుంది. అది చిరునామా అని తెలిసినవాడు వేలు వెనక్కి తీసుకుంటాడు.

తెలుగు మాధ్యమంలో చదివినందువల్లనే ఆ పిల్లవాడికి ఫంక్షన్ పేరు తెలియలేదని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఈ మాట నాకు ఎర్రసిరా కన్నా ఎక్కువ మండింది. 2019 నవంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వులు వచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడూ జరిగిన వాదాల్లో కంప్యూటరు పేరు చాలాసార్లు వినబడింది. ఇంగ్లీషు నేర్వవద్దని ఏ తెలుగు పండితుడూ అనడు. నేనూ నేర్చుకున్నాను, చదువుతున్నాను. కానీ పై ప్రోగ్రాములో ఇంగ్లీషు మాటలు ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినదంతా భాజ్యం, భాజకం, భాగఫలం, శేషం. ఈ నాలుగు మాటలూ అర్థమై ఉన్నాయి గనుకనే అతడు ఆ ప్రోగ్రామును ఎవరినీ చూడకుండా రాయగలిగాడు. ఇంగ్లీషులో ఫంక్షన్ పేరు ఒప్పజెప్పిన అతని సహాధ్యాయులను 256 ఎక్కడినుంచి వచ్చిందో అడిగాను. ముగ్గురిలో ఒక్కరు చెప్పలేదు. ఒకమ్మాయి మాత్రం "మాస్టారూ, అది అలాగే ఇచ్చారండి" అంది. ఎవరిచ్చారమ్మా? రెండును ఎనిమిదిసార్లు గుణించుకుంటే వస్తుంది కదా, ఎవరో ఇవ్వడమేమిటి?

ఆ సిద్ధంగా ఉన్న పేర్ల ఆయుర్దాయం కూడా ఆలోచించండి. 32 బిట్ల చిరునామాలను ప్రపంచంలోని అయిదు ప్రాంతీయ సంస్థలకు పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. కొత్త చిరునామా 128 బిట్లు, అంటే నాలుగు శ్లోకాలు. దాన్ని చుక్కలతో రాయరు, పదహారు ఆధారంగా గల అంకెలతో ఎనిమిది భాగాలుగా, మధ్యలో రెండేసి చుక్కలు పెట్టి రాస్తారు. పీహెచ్‌పీలోని లాంగ్‌టుఐపీ అక్కడ పనికిరాదు. భాగహారం పనికివస్తుంది. భాజకం 256 బదులు 65536, నాలుగుసార్ల బదులు ఎనిమిదిసార్లు. మా గురజాల పిల్లవాడికి ఈ రెండు మార్పులూ చెప్పాను. కాగితం అడిగి, నా ఎదుటే రాసి చూపించాడు.

నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలెవరైనా ఈ లెక్క చేతితో నేర్చుకోదలిస్తే ఈ టపా కింద ఒక మాట రాయండి. ఆదివారం ఉదయాలు నాకు ఖాళీయే. రుసుము లేదు, కంప్యూటరు తేనక్కరలేదు, పలకో తెల్లకాగితమో తెచ్చుకుంటే చాలు. వచ్చేలోపు చేసుకురావలసిన లెక్క: ఉత్పలమాల వరుససంఖ్యలోంచి ఒకటి తీసివేసి, మిగిలినదాన్ని చుక్కల చిరునామాగా మార్చండి. ఒకటి ఎందుకు తీసివేయాలో కూడా రాసుకురండి.